ఆటకు పిలువని బిడ్డలు

హెచ్.ఐ.వి. మన దేశములో 1986లో మద్రాసు రక్తపరీక్షలలో మొదట తేలినది. అటుపిమ్మట తలిదండ్రులు గతించిన బిడ్డలను పెక్కుచోట్ల అవ్వలే సాకిరి. వడమాలపేటలో మేమెరిగిన అవ్వల మాట ఒక్కటే: బిడ్డ ఆడుకొంటే తమ ప్రాణము కుదుటపడును, కింద పడి రక్తము కారితే గుట్టు బయటపడునని భయము. అందుచేత బిడ్డను వాకిటనే కూర్చుండబెట్టిరి. మేమును ఆదివారపు బడిలో మా పిల్లలను పక్కకు లాగుకొంటిమి.

కలిసి ఆడినందున, ఒకే పళ్లెములో తిన్నందున ఈ వ్యాధి అంటదు. 2004 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వము మందులు ఉచితముగా ఇచ్చుచున్నది. 2006లో పిల్లలకు ప్రత్యేక చికిత్సా పథకము వచ్చినది. 2017 నాటి చట్టము వివక్షను నిషేధించినది. మందు తప్పక వాడు బిడ్డ అందరితో పరుగెత్తగలడు; పిలుచువారే కావలెను.

బిడ్డలను ఎత్తి కౌగిలించుకొన్న ప్రభువు సంఘముగా, ఈ నూరవ యేట ఆ పిలుపు మనదగును గాక.