ఆవని కొండ, 1894, మా అవ్వ

నేను బడిలో చదివింది తమిళ మీడియం. తెలుగు రాయడం పెద్దయ్యాక పట్టుబడింది. తప్పులుంటే సర్దుకొని చదవండి.

పోయిన నెల ఇంటివాళ్ళతో ఆవని కొండెక్కాను. సీతమ్మ లవకుశుల్ని కన్నది ఇక్కడేనని మన పెద్దల నమ్మకం. కొండమీద సీతమ్మ గుడి ఉంది. కింద ఉన్న రామలింగేశ్వర గుళ్ళు నొళంబ రాజుల కాలం నాటివి. బిడ్డలు కావాలని మొక్కుకొని కొండెక్కే ఆడవాళ్ళను చిన్నప్పటినుంచీ చూస్తున్నాను.

గుడి ముందర నా పదమూడేళ్ళ మనవరాలు అడిగింది: "తాతా, బిడ్డ కడుపులోకి ఎట్లా వస్తుంది?" వాళ్ళమ్మ "ఊరుకో" అంది. నేనూ మాట మార్చాను. దిగేటప్పుడు సిగ్గేసింది. పోయిన ఏడు ఆ బిడ్డ పెద్దమనిషైతే హాలు మాట్లాడి, వీధిలో ఫ్లెక్స్ కట్టి, మూడొందల మందికి భోజనం పెట్టాం. ఊరికంతా చెప్పాం. సంగతేమిటో ఆ బిడ్డకు మాత్రం చెప్పలేదు.

మా అవ్వకు పదేళ్ళకు పెళ్ళి, పదమూడేళ్ళకు కాన్పు. "నాకేం తెలుసురా, కడుపులో ఏందో కదలతా ఉంటే పురుగేమో అనుకొంటి" అని నవ్వుతూ చెప్పేది. మూడు రోజులు నొప్పులు పడింది. బిడ్డ దక్కలేదు. అది చెప్పేటప్పుడు మాత్రం నవ్వేది కాదు.

రైల్వే గుమాస్తాను కాబట్టి నాకు 1894 బాగా గుర్తు. బౌరింగ్‌పేట, అంటే మన బంగారుపేట నుంచి మారికుప్పానికి రైలు వచ్చిన ఏడు అది. ఆ ఏడే మైసూరు సంస్థానం బాల్య వివాహాలపై చట్టం చేసింది. ఎనిమిదేళ్ళ లోపు ఆడపిల్లకు పెళ్ళి చేయకూడదు. యాభై దాటిన మగవాడు పద్నాలుగు లోపు పిల్లను చేసుకోకూడదు. అంతే. ఆ లెక్కన మా అవ్వ పెళ్ళి చట్టప్రకారం సరైనదే! 1929 నాటి శారదా చట్టం ఆడపిల్లకు 14 ఏళ్ళు పెట్టింది కానీ, అది బ్రిటిష్ ఇండియాకే. కుప్పంలో వర్తించేది, కోలారులో వర్తించదు.

ఇంకో సంగతి. స్త్రీ అండాన్ని పోలిన అండాన్ని జంతువుల్లో 1827లోనే బేయర్ అనే శాస్త్రజ్ఞుడు చూశాడు. కానీ నెలలో అండం ఎప్పుడు విడుదలవుతుందో 1920లలో గానీ తేలలేదు. జపాన్‌లో ఒగినో, ఆస్ట్రియాలో క్నౌస్ విడివిడిగా కనుక్కున్నారు: రాబోయే ముట్టుకు సుమారు రెండు వారాల ముందు. అంటే మన చట్టం చేసిన పెద్దలకే ఆ సంగతి తెలియదు. అయితే 1930లో మన మైసూరు సంస్థానమే ప్రభుత్వ ఆసుపత్రుల్లో సంతాన నియంత్రణ క్లినిక్కులు తెరిచింది. ఇటువంటి పనిలో ప్రపంచంలోనే ముందున్న ప్రభుత్వం మనది. అవి పెళ్ళైన ఆడవాళ్ళకు. పిల్లలకు చెప్పేవాళ్ళు అప్పుడూ లేరు.

ఇప్పుడు మనకు తెలుసు. ముట్టు మొదలైందంటే గర్భం రావచ్చని అర్థం, కాన్పుకు ఒళ్ళు సిద్ధమైందని కాదు. ఇంకా ఎదిగే వయసులో రక్తహీనత, బీపీ, కష్టకాన్పు ప్రమాదాలు ఎక్కువ. అండం ఒక రోజు బతుకుతుంది, వీర్యకణాలు ఐదు రోజుల దాకా బతకగలవు. మొదటి సంవత్సరాల్లో ముట్టు తేదీలు సరిగ్గా రావు కాబట్టి రోజులు లెక్కపెట్టుకుంటే చాలుననుకోవడం పొరపాటు. కొడుకా కూతురా అన్నది తండ్రి కణాన్ని బట్టి ఉంటుంది. బిడ్డలు కలగకపోతే లోపం మగవాడిదీ కావచ్చు. కానీ కొండెక్కించేది మాత్రం ఆడదాన్నే!

టికెట్ కౌంటర్‌లో ముప్పై ఏళ్ళకు పైగా కూర్చున్నాను. అరటికెట్టు కావాలంటే పిల్ల వయసు పదకొండు దాటదు. అదే పిల్లకు పెళ్ళనగానే పద్దెనిమిది నిండిపోతుంది. నవ్వకండి, మన ఇళ్ళలోనూ జరిగింది. ఇప్పుడు కర్ణాటకలో పద్దెనిమిది లోపు ఆడపిల్లకు చేసిన పెళ్ళి పెళ్ళే కాదు, మొదటినుంచే చెల్లదు. అట్లాంటిది తెలిస్తే 1098కి ఫోన్ చేయండి.

సంఘానికి నా మనవి ఒక్కటే. పెద్దమనిషి ఫంక్షన్‌కు ఉళుందు కళి, నువ్వులుండలు పెడతాం, మంచిదే. ఆ వారంలోనే పిల్లను ఒక లేడీ డాక్టరు దగ్గరికో, నర్సమ్మ దగ్గరికో తీసుకెళ్ళి అరగంట కూర్చోబెట్టండి. అమ్మ పక్కన ఉండాలి. మగపిల్లలకూ ఎవరైనా చెప్పాలి.

మొన్న ఆదివారం మా కోడలు, మనవరాలు తలుపేసుకొని గంటసేపు మాట్లాడుకున్నారు. బయటికొచ్చి ఆ బిడ్డ అడిగింది: "తాతా, మీ అవ్వకు ఇవన్నీ ఎవరూ చెప్పలేదా?"

లేదమ్మా. ఎవరూ చెప్పలేదు.