హెరాల్డు కారు ముందుకాళ్ళు

ఎద్దుబండికి చుక్కాని లేదు. దాన్ని మలిపేవి ఎద్దులే. పగ్గం ఒక పక్కకు లాగితే కాడి తిరుగుతుంది, కాడితో నొగలు తిరుగుతాయి, ఇరుసూ చక్రాలూ వాటి వెంట నడుస్తాయి. రెండు చక్రాల బండి గనుక ఇంతకు మించిన ఏర్పాటు అవసరం లేకపోయింది. చక్రాలు నాలుగైనచోటనే చిక్కు మొదలవుతుంది. తేరును వీధి మలుపులో తిప్పడం చూచినవారికి ఆ చిక్కు తెలుసు. చక్రాల కింద చెక్క మొద్దులు వేస్తూ, అరుపులతో, చెమటతో, జానెడు జానెడుగా జరపాలి.

ఐరోపావారు తమ గుర్రపుబగ్గీలకు ముందు ఇరుసు మొత్తాన్నీ నడుమ ఒక మొలమీద తిరిగేటట్లు అమర్చుకొన్నారు. అది తేలికగా తిరిగేది గాని, గట్టి మలుపులో బండి ఒక పక్కకు ఒరిగిపోయేది. 1817లో మ్యూనిచ్ నగరంలో బగ్గీలు చేసే లాంకెన్‌స్పెర్గర్ అనే ఆయన, ఇరుసును కదలనీయకుండా దాని రెండు కొసలలో చక్రాలు మాత్రమే తిరిగే పద్ధతి కనిపెట్టాడు. మరుసటి యేడు ఆయన తరఫున లండనులో పేటెంటు తీసుకొన్నవాడు రుడాల్ఫ్ ఆకర్‌మన్. కనిపెట్టినవాని పేరు మరుగునపడి, దరఖాస్తు పెట్టినవాని పేరు నిలిచింది. నేటికీ మోటారు పుస్తకాలు దానిని ఆకర్‌మన్ పద్ధతి అనే అంటాయి. (కర్తృత్వం తారుమారయిన ఉదంతాలు మన సాహిత్య చరిత్రలోనూ తక్కువేమీ కాదు. ఆ జోలికి ఇప్పుడు పోను.)

వ్యాకరణం చెప్పుకొని బ్రతికినవానికి మోటార్ల గొడవ ఎందుకని మిత్రులు అడుగవచ్చు. కారణం ఉంది. పల్నాటి దుమ్ములో తిరిగిన ఒక పాత డాక్టరుగారి కారుకూ, ఇంగ్లండులో కుర్రకారు మోజుపడిన ఒక పందెపు సోకు కారుకూ ముందుకాళ్ళు ఒక్కటేనని నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ కాళ్ళు ఎందుకు విరుగుతాయో తెలుసుకొంటూ పోతే సంగతి చివరకు మన కందెన దగ్గర తేలింది.

నా తరంవారికి గుర్తుండే ఉంటుంది. 1960లలో కారు కొనదలచినవానికి దేశంలో ప్రధానంగా మూడే దారులు. ఉత్తరపాడాలో తయారయ్యే అంబాసిడరు, బొంబాయిలో తయారయ్యే ఫియట్, మద్రాసులో తయారయ్యే స్టాండర్డ్ హెరాల్డు. నాగార్జునసాగరం పనులు ముమ్మరంగా సాగుతున్న రోజులవి. 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేసింది మొదలు 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలేదాకా మాచర్ల దారిలో జీపులూ లారీలే ఎక్కువ. కార్లు అరుదు. వాటిలోనూ హెరాల్డు మరీ అరుదు.

ఆ హెరాల్డు పుట్టింది ఇంగ్లండులోని కొవెంట్రీలో, 1959లో. రూపం గీసినవాడు ఇటలీ దేశస్థుడు జొవాన్ని మికెలొట్టి. అప్పటికి కొత్త కార్లు చాలావరకు చట్రమూ ఒళ్ళూ కలిసిపోయిన ఒకే పెట్టెగా తయారవుతుండగా, హెరాల్డు మాత్రం పాతకాలపు విడి చట్రం మీద నిలిచింది. అది వెనుకబాటుతనం కాదు, గత్యంతరం లేకపోవడం. స్టాండర్డ్-ట్రయంఫ్ సంస్థకు కారు ఒళ్ళు చేసిపెడుతున్న కర్మాగారాన్ని పోటీ సంస్థ కొనివేసింది. అందుచేత ఒళ్ళును ముక్కలుగా పలుచోట్ల చేయించుకొని బోల్టులతో బిగించుకోవలసివచ్చింది. ఒకరికి వచ్చిన ఇబ్బంది మరొకరికి కలిసివచ్చింది. అలా ముక్కలుగా బిగించే కారు మద్రాసువారికి అనువైనదే గదా! 1961లో ఇక్కడ స్టాండర్డ్ హెరాల్డు వెలువడింది. క్రమంగా దాని భాగాలలో అధికభాగం ఈ దేశంలోనే తయారు కాసాగాయి.

అదే చట్రాన్ని పొట్టి చేసి, దానిమీద ఇద్దరు మాత్రమే కూర్చొనే తేలిక ఒంటిని మికెలొట్టియే గీశాడు. సంస్థకు డబ్బు లేక ఆ నమూనా మూలపడింది. 1961లో లేలండ్‌వారు సంస్థను కొన్నాక, ఏమేమి ఉన్నాయో చూసుకొంటూ కర్మాగారం మూలన దుప్పటి కప్పిన ఆ నమూనాను చూచి, వెంటనే తయారుచేయమన్నారట. అది 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే పేరుతో వచ్చింది. రెండవ ప్రపంచయుద్ధంలో పేరుమోసిన విమానం పేరు అది. 1980దాకా మూడు లక్షలకు పైగా తయారయ్యాయి. దాని ముందు చక్రాల అమరిక, స్టీరింగు, అంతా హెరాల్డుదే. లోటస్ ఎలాన్ వంటి కార్లు కూడా ఆ ముందుకాళ్ళనే అరువు తెచ్చుకొన్నాయి. అంటే మన డాక్టరుగారు మందుల సంచీతో ఎక్కిన కారుకూ, అక్కడ జుట్టు గాలికి ఎగురుతుండగా కుర్రవాళ్ళు నడిపిన కారుకూ మోకాళ్ళు ఒక తల్లి బిడ్డలు.

ఇక ఆ మోకాలి సంగతి. చక్రాన్ని మోసే నిలువు ఉక్కు కడ్డీ ఒకటి ఉంటుంది. దాని పైకొసకు గోళపు కీలు, అంటే బాల్ జాయింటు. కిందికొసకు మరలు చెక్కి ఉంటాయి. ఆ మరలు ఒక ఇత్తడి రంగు కంచు ముక్కలో దిగి ఉంటాయి. ఇంగ్లీషులో దాన్ని ట్రనియన్ అంటారు. స్టీరింగు తిప్పినప్పుడల్లా ఆ ఉక్కు మర కంచు మరలో తిరుగుతుంది. ఎడమపక్క ముక్క కుడిపక్కకు పనికిరాదు, మరల వాటం వేరు. గుంట వచ్చినప్పుడు కంచు ముక్క కింది రెక్కల నడుమ ఒక బోల్టు మీద ఊగుతుంది. ఇలా ఒకే ముక్క రెండు పనులు చేస్తుంది. ఈ అమరిక వల్లనే హెరాల్డు 25 అడుగుల వలయంలో వెనుదిరగగలిగేది. లండను టాక్సీకి అక్కడి చట్టం పెట్టిన కొలత కూడా అదే. నరసరావుపేట సందులలో అది ఎంత ఉపకారమో వేరే చెప్పనక్కరలేదు.

ఉపకారంతోపాటు ప్రమాదమూ ఉంది. ఆ మరలకు నూనె కావాలి, గ్రీజు పనికిరాదు. గేరుపెట్టెలో పోసే 90 నంబరు చిక్కటి నూనెను పిచికారీతో ఎక్కించాలి. పై అంచునుంచి కారేదాకా ఎక్కించాలి. గ్రీజు మరల లోపలికి సరిగా దిగదు. దిగినది ఎండి గట్టిపడుతుంది, దాని పక్కన నీరు నిలుస్తుంది. ఉక్కు కడ్డీ మెడ దగ్గర తుప్పు పట్టి, తుప్పు కొరికినచోట బీట పుడుతుంది. ఒకనాడు పూర్తిగా తిప్పిన స్టీరింగుతో నెమ్మదిగా మలుపు తిరుగుతుండగా కడ్డీ పుటుక్కుమంటుంది, చక్రం రెక్క కిందికి మడుచుకొంటుంది. ఇది ఇంగ్లండులోనూ జరిగింది, స్పిట్‌ఫైర్లకూ జరిగింది. కారు నాసిరకమని అపవాదు మిగిలింది.

నా పూర్వవిద్యార్థి ఒకడు నరసరావుపేటలో మోటారు షెడ్డు నడుపుతున్నాడు. 2022లో ఆ ఊరు పల్నాడు జిల్లాకు కేంద్రమయ్యాక అతనికి పనీ పెరిగింది, తీరికా తగ్గింది. అయినా ఒక స్వర్గీయ వైద్యుని హెరాల్డును, ఆయన కుమారుడు బ్రతిమాలగా, బాగుచేయడానికి ఒప్పుకొన్నాడు. ఇంగ్లీషు చేతిపుస్తకం చదివిపెట్టమని నన్ను పిలిచాడు. అలా పది పన్నెండు సాయంత్రాలు అక్కడ స్టూలు వేసుకొని కూర్చున్నాను.

ఆ కారు మూత, ముందు రెక్కలతో సహా, మొసలి నోరు తెరిచినట్లు ముందుకు తెరుచుకొంటుంది. మేస్త్రి టైరు మీదనే కూర్చొని పనిచేసుకోవచ్చు. మొదట చట్రం కింద గట్టి స్టాండ్లు పెట్టారు. ఒక్క జాకీని నమ్మి కారు కిందికి దూరడం ఆత్మహత్యాసదృశం. తరువాత చుట్ట స్ప్రింగును బిగింపు పరికరంతో అదిమి తీయాలి. అందులో అణిగి ఉన్న బలం పసివాళ్ళ ఆట కాదు. టై రాడ్డు కొస తన గుంటలో బిరడాలా బిగుసుకొని ఉంది. దానిపై సుత్తి వేయక, అది కూర్చొన్న చేతికి రెండు పక్కలా రెండు సుత్తులు ఒక్కసారిగా వేస్తే ఊడివచ్చింది. రబ్బరు బుష్షులు పెచ్చులయ్యాయి. స్టీరింగు పళ్ళకడ్డీని చట్రానికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మెలు నూనె తాగి మెత్తబడ్డాయి. చక్రం తిప్పితే ముందు పళ్ళకడ్డీయే పక్కకు జరిగి, తరువాత తీరిగ్గా చక్రాలు తిరిగేవి.

కంచు ముక్క మాత్రం ఒక పట్టాన రాలేదు. వచ్చాక మా వాడు దానిని గుడ్డమీద పెట్టి చూపించాడు.

"చూడండి మాస్టారూ, లోపల గ్రీజు రాయైపోయింది. సున్నం దుమ్ము కూడా కలిసింది. ఆకురాయి పెట్టి అరగదీసినట్టుంది."

పిడుగురాళ్ళ సున్నపుబట్టీల దారిలో ఏళ్ళ తరబడి తిరిగిన కారు అది. ఉక్కు కడ్డీ మెడ దగ్గర తుప్పు తుడిస్తే గోటికి తగిలేటంత గీత కనిపించింది. బీటే. నేను చేతిపుస్తకంలో నూనె పట్టించే పట్టిక తీసి చదివాను. నూనె అనే ఉంది, స్పష్టంగా.

"మా గురువుగారు కదిలేదానికల్లా గ్రీజే కొట్టమన్నారండీ," అన్నాడు.

ఆ గురువును తప్పుపట్టలేను. ఇరుసుకు కందెన పెట్టడం మన రక్తంలో ఉన్న విద్య. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి, వెదురుగొట్టంలో నింపి, బండి కింద వేలాడదీసుకొనేవారు. బద్దెన పద్యం పుణ్యమా అని ఇరుసూ కందెనా తెలియని తెలుగు పిల్లవాడు నా తరగతిలో ఎన్నడూ లేడు. చిక్కగా, నల్లగా ఉండి అంటుకొనేదే కందెన అని ఊహ. గ్రీజు రాగానే ఆ స్థానంలో అది కూర్చొంది. నూనె కారిపోతుంది, కారిపోయేదాన్ని పోయడం దండగ అనిపిస్తుంది. ఇక్కడేమో కారడమే గుర్తు.

అందులో మాటల కరవు కూడా ఉంది. బండికి కాడి, నొగ, ఇరుసు, కుండ, ఆకు, పట్టా, కడచీల అని వేలెడు ముక్కకు కూడా పేరుంది. ఇరుసు కొసన చీలను అమరసింహుడు సైతం మరువక 'అణి' అని నిఘంటువుకెక్కించాడు. పేరు చెప్పగానే పని తెలిసేది. కారు భాగాలు పరాయి పేర్లతో వచ్చాయి. పేరు నోరు తిరగనిచోట 'ఆ ముక్క', 'ఈ ముక్క' అయింది. 'ఆ ముక్క'కు నూనె పోయాలని ఎవరు గుర్తుంచుకొంటారు?

కొత్త కడ్డీలూ కంచు ముక్కలూ ఇంగ్లండు నుంచి తెప్పించారు. హెరాల్డు తయారీ ఇక్కడ 1970ల మొదట్లోనే ఆగింది. దాని తరువాత వచ్చిన గజెల్‌కు, ఇక్కడివారికి నచ్చని ఊగే వెనుక ఇరుసును మార్చి మామూలు ఇరుసే పెట్టారు. అదీ 1977తో సరి. అయినా విడిభాగాలు నేటికీ దొరకడానికి కారణం స్పిట్‌ఫైర్ అభిమానులే. ఆ సోకు కారును వదలనివాళ్ళు ఉండబట్టి ఆ కంచు ముక్కలు ఇంకా తయారవుతున్నాయి. మన డాక్టరుగారి కారు వాళ్ళ చలవతో బ్రతికింది.

తిరిగి బిగించడంలో మా వాడు ఒక నియమం తప్పలేదు. రబ్బరు బుష్షుల బోల్టులను చివరి బిగింపు బిగించకుండా ఉంచి, కారును చక్రాల మీద దింపి, బరువు పడ్డాకనే బిగించాడు. గాలిలో ఉండగా బిగిస్తే, కిందికి దిగగానే రబ్బరు మెలితిరిగి త్వరలో చినుగుతుంది. చక్రాల పొందిక కొలవడానికి యంత్రం ఉన్నా, ముందుగా తాడు కట్టి చూసుకొన్నాడు. ముందంచులు అంగుళంలో ఏ పదహారో వంతో లోనికి ఉండాలి. కోటప్పకొండ తిరునాళ్ళకు ప్రభ నిలబెట్టేవాళ్ళు నాలుగు పక్కలా మోకులు పట్టుకొని వాలు సరిచూసినట్లే, ఒక కన్ను మూసి తాడు వెంట చూశాడు. తరువాత యంత్రం మీద పెడితే తేడా స్వల్పమే.

పని ముగిసే రోజున, కారులో ఉంచడానికి ఒక అట్టమీద తెలుగులో రాసిపెట్టమన్నాడు. ట్రనియన్‌ను ఏమని రాయాలా అని నేను సంస్కృతం వైపు చూస్తుండగా, మా వాడే మాట అందించాడు.

"ఇత్తడి బుడ్డి అని రాయండి మాస్టారూ. బుడ్డంటే ఎవడైనా నూనే పోస్తాడు."

నిజానికి అది కంచు. అయినా అలాగే రాశాను. "ముందు చక్రాల ఇత్తడి బుడ్లకు 90 నంబరు నూనె, పైనుంచి కారేదాకా. గ్రీజు పెట్టరాదు." కింద తేదీ వేసి, తరువాత పోసిన తేదీలు రాసుకోవడానికి గీతలు గీశాను. మొన్న చూస్తే మూడు గీతలు నిండి ఉన్నాయి.