చింతపండు చేసిన చేటు

ఇత్తడి చెంబు నల్లబడితే చింతపండు పెట్టి తోమడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య కదా! రాచర్లలో మా మామగారి లైసెన్సు రివాల్వరు మీద కూడా, తూటాలు తీయించి, ఆ విద్యే ప్రయోగించాను. తళతళలాడింది.

మామగారు తిట్టలేదు. "అమ్మాయ్, మకిలి కాదు, దాని చొక్కా ఊడదీశావు" అన్నారు.

ఆ నీలినలుపు రంగు కాదట, తుప్పేనట! ఇనుముకు సన్నగా ఎర్రతుప్పు పట్టించి నీళ్ళలో మరగబెడితే నల్లబడుతుంది. పైపొడి రాల్చి మళ్ళీ పట్టిస్తారు. అలా ఎన్నోసార్లు. తినే తుప్పునే కాపలా పెట్టడమన్నమాట. పులుపు తగిలితే ఆ కాపలా కరిగిపోతుంది. తుడవడానికి నూనెగుడ్డ చాలు.

"మళ్ళీ నలుపు పట్టించవచ్చుగా?" అన్నాను.

"వస్తుంది. మా నాయన చెయ్యి అరగదీసిన గుర్తు మాత్రం రాదమ్మా."

చరిత్రనూ ఇలాగే తోముతున్నామేమో! 1846లో మా గిద్దలూరు దగ్గరే కుంపిణీ సేనతో తలపడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. ఆయన వీరత్వాన్ని మెరిపిస్తాం. ఆగిపోయిన పింఛను వాటా, కట్టుబడివాళ్ళు పోగొట్టుకున్న మాన్యాలు మాత్రం మకిలనుకుని తుడిచేస్తాం. కోపం పుట్టిందే అక్కడ కదా!

ఇప్పుడు మా ఇంట్లో చింతపండు చెంబుల దాకానే.