బతుకమ్మ చరిత్ర చెప్పేది గునుగు, తంగేడే

తెలంగాణ పూల పండుగ బతుకమ్మ ఎప్పుడు పుట్టిందని అడిగితే జవాబుగా ముందు రాజుల కథలే వస్తాయి. సంతానాన్ని పోగొట్టుకున్న ధర్మాంగదుడు, సత్యవతి దంపతులకు లక్ష్మి కూతురై పుట్టిందని ఒక కథ. వేములవాడ రాజరాజేశ్వరుడి గుడికి, తంజావూరు చోళులకు ముడిపెట్టే కథ మరొకటి. పండుగ ఆడే ఆడవాళ్లకు ఈ కథలంటే ప్రేమ, గౌరవం ఉన్నాయి. అవి ఉండాలి కూడా. కానీ చరిత్ర రాసేవాడు వీటిని శాసనాల్లా చేతపట్టుకుని నిలబడలేడు. రాజు పేరు మారినా కథ నడుస్తుంది. పువ్వు పేరు మారితే బతుకమ్మ నడవదు. ఈ పండుగ ఏ నేలది, ఎవరి చేతుల్లో పెరిగింది అన్న ప్రశ్నలకు తిరుగులేని సాక్ష్యం సిబ్బిలో పేర్చిన పూల వరసల్లోనే ఉందని నా వాదన.

ఆ వరసల్లో ముఖ్యమైనవి రెండే. ఒకటి గునుగు. తొలకరికి జొన్న చేలల్లో, మక్క చేలల్లో ఎవరూ విత్తకుండానే మొలిచే కలుపు అది. లేతగా ఉన్నప్పుడు దాని ఆకును కూర వండుకుంటారు. భాద్రపదం వచ్చేసరికి తెల్లటి కంకి మీద గులాబి కొన తేలి కోతకు సిద్ధమవుతుంది. రెండోది తంగేడు. చెలకల గట్ల మీద, మొరం దిబ్బల మీద పెరిగే పొద. పశువులు దాన్ని పెద్దగా ముట్టవు కాబట్టి మేత భూముల్లో కూడా బతికిపోతుంది. దాని చెక్కతో తోళ్లు ఊనేవారు. ఈ రెంటికీ తోటమాలి అక్కర్లేదు, బావి నీళ్లూ అక్కర్లేదు. దేవుడి పూజకు పెరట్లో పెంచుకునే మల్లె, మందార వంటివి బతుకమ్మలో చేరితే చేరతాయి గానీ వాటి మీద అది నిలబడదు. రాజుగారి తోటలో పుట్టిన పండుగైతే దాని నడుము కలుపు మొక్కతో కట్టి ఉండదు. చేలో కలుపు తీసే చెయ్యి, గట్టు మీద తంగేడు తుంచే చెయ్యి చేలో పని చేసే ఇంటిదేనని ఊళ్లో వేరే చెప్పక్కర్లేదు.

పేర్చే పనిని దగ్గర నుంచి చూస్తే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. సిబ్బిలోనో తాంబాళంలోనో అడుగున గుమ్మడాకులు పరుస్తారు. గునుగు కాడలను సమానంగా కోసి చిన్న కట్టలు కడతారు, కొన్ని కట్టల తలలను రంగు నీళ్లలో ముంచి ఆరబెడతారు. కంకులు బయటికి, కాడలు లోపలికి ఉండేలా గుండ్రంగా ఒక వరస, దాని మీద తంగేడు వరస, మళ్లీ గునుగు. మధ్యలో ఏర్పడే బోలును తుంచిన ఆకులతో, రెమ్మలతో గట్టిగా కూరుతారు. వరస వరసకు చుట్టు తగ్గుతూ పోయి చివరన గుమ్మడి పువ్వు, పసుపు గౌరమ్మ. గునుగు కంకి కాగితంలా పొడిగా ఉంటుంది. అందుకే రంగును పట్టుకుంటుంది, సాయంత్రం దాకా వాడదు, పై వరసల బరువుకు నలగదు. తంగేడు అలా కాదు, ఎండెక్కితే వాడుతుంది. ఇంటి మగవాళ్లు పొద్దున్నే పూలకు పోవడం అందుకే ఆచారమైంది.

పూలు కాలాన్ని చెప్పలేవు కదా అని చరిత్రకారులు అడగొచ్చు. సంవత్సరం చెప్పలేవు, నిజమే. కానీ పొరలు చెబుతాయి. ఈ రోజు బతుకమ్మలో మెరిసే బంతి అమెరికా ఖండం నుంచి వచ్చిన పువ్వు. మెక్సికోలో పెద్దలకు పెట్టుకునే పండుగలో అదే బంతి పరుస్తారు. మనం కూర వండుకునే తియ్య గుమ్మడి కూడా మిరపకాయలాగే కొలంబస్ తర్వాతే ఇటు వచ్చింది. అంటే అడుగున పరిచే తియ్య గుమ్మడాకు, మధ్యన బంతి వరస, కొనన గుమ్మడి పువ్వు ఉన్న రూపం 16వ శతాబ్దం కంటే వెనక్కి పోదు. ఈ పండుగ కొత్తగా వచ్చినదాన్ని చేర్చుకుంటూ పెరిగింది, గునుగు, తంగేడును మాత్రం వదల్లేదు.

ఈ పూలు పెరిగే నేల పల్లెల్లోనే కాదు, నగరంలోనూ ఉంది. సికింద్రాబాద్ సంగతే చూడండి. 1798 ఒప్పందంతో నిజాం రాజ్యంలో కుదురుకున్న ఇంగ్లీషు దండు హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన డేరాలు వేసింది. 1806లో ఆ చోటికి మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. 1874లో వాడి జంక్షన్ నుంచి రైలు వచ్చింది. సికింద్రాబాద్ చరిత్ర అంటే దండు, రైలు, బజారు అని రాసి వదిలేయడం మనకు అలవాటు. అయితే మారేడ్‌పల్లి, బోయిన్‌పల్లి, తిరుమలగిరి, అల్వాల్, మల్కాజ్‌గిరి అన్న పేర్లు గుట్టల నడుమ చెలకలున్న పల్లెలవి. బతుకమ్మకు కావలసిన నేల అక్కడ ముందే ఉంది. దండు కోసం ఆపిన మైదానాలు, రైలు పట్టాల పక్క ఖాళీలు ఆ నేలను కొంతైనా ఇళ్ల కిందికి పోకుండా కాపాడాయి. సైన్యం ఆ ఉద్దేశంతో చేయకపోయినా ఫలితం అది.

ఇప్పుడు మోండా మార్కెట్లో కట్ట కొని తెచ్చుకుంటే సరిపోయేదానికి బీళ్లెందుకు అన్నది బలమైన అభ్యంతరమే. కొనడంలో తప్పు లేదు. పండుగ చివరి రోజైన సద్దుల బతుకమ్మ నాడు పూలమ్మి నాలుగు రూపాయలు ఇంటికి తీసుకుపోయే పల్లె ఆడవాళ్ల సంపాదన కూడా ఈ పండుగలో భాగం. కానీ మార్కెట్లో దొరికే గునుగు కూడా ఎవరో ఏ గట్టు మీదో కోసిందే. గట్టు పోతే కట్టా పోతుంది, దాని చోటును బంతి నింపుతుంది. కేరళలో జరిగింది ఇదే. ఓణం నాటి పూల ముగ్గు పూక్కళానికి పిల్లలు తుమ్మి పూలు ఏరుకొచ్చే వాడుక సన్నగిల్లి, కర్ణాటకలోని గుండ్లుపేట నుంచి, తమిళనాడులోని తోవాళ నుంచి లారీల్లో బంతి దిగుతోంది. ముగ్గు అందంగానే ఉంటుంది. ఆ ఊరి నేలకు, ఆ ముగ్గుకు సంబంధం మాత్రం తెగిపోయింది.

గునుగు కలుపు, దాన్ని పెంచమంటే రైతుకు నష్టం కదా అంటారు. చేలో ఉంచమని ఏ రైతునూ అడగకూడదు. కలుపు మందు కొట్టడం అతని బతుకుతెరువు లెక్క. అందుకే బరువు పంట పండించని భూముల మీద పడాలి. బతుకమ్మతో పాటు చెరువులో వదిలే ఈ పూలు నీటిని శుభ్రం చేస్తాయన్న మాట కూడా బాగా వినిపిస్తుంది. ఆ మాట మీద నా వాదనను నిలబెట్టను. రసాయన రంగులో ముంచిన పువ్వును, ప్లాస్టిక్ పువ్వును నీళ్లలో వదిలి చెరువుకు మేలు చేశామనుకోవడం ఎలాగూ కుదరదు.

2014లో బతుకమ్మను తెలంగాణ రాష్ట్ర పండుగగా, తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు. కంటోన్మెంట్ బోర్డుకు, రైల్వే వారికి, అల్వాల్, మల్కాజ్‌గిరి కాలనీ సంఘాలకు విన్నపం ఒక్కటే. ఖాళీ స్థలాల్లో వానాకాలపు గడ్డి కోసేటప్పుడు గునుగును, తంగేడు పొదను వదిలేయండి. పండుగ మొదలయ్యే పెత్తర అమావాస్య నుంచి సద్దుల దాకా పూలు కోసుకోవడానికి ఆడవాళ్లను, పిల్లలను లోపలికి రానివ్వండి. ఆ తర్వాత గునుగు గింజ రాలేదాకా ఆగి శుభ్రం చేయించండి.