ఎంగేజ్ టోన్

ఇండియాకి ఫోన్ చేసినప్పుడు ఎంగేజ్ టోన్ వినబడితే సంతోషించిన వాళ్ళు మీలో ఎంతమంది ఉన్నారో తెలియదు కానీ, 1999లో నేను చాలాసార్లు సంతోషించాను. విజయవాడలో మా నాన్నగారి మోడెం కలిసిందని నాకు తెలిసే ఆనవాలు అదొక్కటే. 2025 సెప్టెంబరు 30న అమెరికాలో ఏఓఎల్ కంపెనీ తన డయలప్ సేవను ఆపేసిందని చదివినప్పుడు ముందుగా నాకు ఆ టోనే గుర్తొచ్చింది.

ఇప్పటి పిల్లలకి ఇది కాస్త విడమరిచి చెప్పాలి. అప్పట్లో ఇంటర్నెట్ వచ్చేది మామూలు ఫోను తీగ మీదే. ఇంటికి ఒకటే లైను. మోడెం పనిచేస్తుంటే ఫోన్లో మాట్లాడటానికి లేదు, ఫోన్లో మాట్లాడుతుంటే మోడెం పనిచేయదు. అంటే, మోడెం ఎందుకు కలవటం లేదో నేను న్యూజెర్సీ నుంచి చెబుతున్నంతసేపూ ఆ మోడెంని నడిపి చూడటానికి వీల్లేదన్నమాట! చెప్పాల్సినవన్నీ చెప్పి, ఆయన చేత నోటుబుక్కులో రాయించి, ఫోను పెట్టేయాలి. పావుగంట ఆగి మళ్ళీ చేయాలి. ఎంగేజ్ వస్తే గెలిచినట్టు. రింగయితే మళ్ళీ మొదటికి. ఎంగేజ్ వచ్చినప్పుడు కాలింగ్ కార్డులో నిమిషాలు తరిగేవి కాదు, అదొక లాభం. శనివారం రాత్రి తొమ్మిదింటికి నేను మొదలుపెడితే అక్కడ ఆదివారం పొద్దున్న ఆరున్నర. నాన్నగారు స్నానం చేసి, కాఫీ తాగి, కళ్ళజోడు తుడుచుకుని సిద్ధంగా కూర్చునేవారు.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ ఇవ్వటం మొదలైంది 1995 ఆగస్టు 15న. విదేశ్ సంచార్ నిగం వాళ్ళు బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు నగరాల్లో ప్రారంభించారు. వేగం సెకనుకి 9,600 బిట్లు. తెరమీద అక్షరాలు మాత్రమే కనబడే ఖాతాకి ఏడాదికి 5,000 రూపాయలు, బొమ్మలు కూడా కనబడేదానికి 15,000. బడిపంతులుగా రిటైరైన మా నాన్నగారికి అందే బేరం కాదు. 1998 నవంబరులో ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలని కూడా ఈ వ్యాపారంలోకి రానిచ్చాక ధరలు దిగాయి. మర్నాటి వేసవికి ఆయన గంటల లెక్కన ఒక ఖాతా కొనుక్కున్నారు. ఫోను బిల్లులు తగ్గించుకోవటానికే సుమండీ.

మోడెం నేనిచ్చిందే. అంతకు ముందు డిసెంబరులో వెళ్ళినప్పుడు సూట్‌కేసులో చీరల మధ్య పెట్టి పట్టుకెళ్ళాను. ఇక్కడి 110 వోల్టుల అడాప్టర్ అక్కడ కాలిపోతుందని తెలుసు కనక, 230 వోల్టులకి తగినది గవర్నరుపేటలో కొనిపెట్టి వచ్చాను. నా తెలివి అక్కడితో ఆగింది. ఖాతా తీసుకుని, పక్కింటి ఇంటర్ కుర్రాడి సాయంతో తీగలన్నీ తగిలించాక, కంప్యూటర్ "నో డయల్ టోన్" అంది. నాన్నగారు రిసీవర్ ఎత్తి చెవిలో పెట్టుకుంటే టోన్ శుభ్రంగా వినబడుతోంది.

"నాకు బాగానే వినపడుతోందిరా అబ్బాయ్, చెవుడు దీనికే" అన్నారు.

ఆయన అన్నది నిజమే. అమెరికాలో డయల్ టోన్ అంటే 350, 440 హెర్ట్జుల స్వరాలు రెండూ కలిసి వచ్చే మోత. ఇండియాలో 400 హెర్ట్జుల స్వరాన్ని 25 హెర్ట్జులతో ఊపి పంపుతారు, అందుకే అది గరగరలాడుతుంది. మనిషి చెవికి రెండూ ఒకటే. ఇక్కడి టోన్ కోసం చెవి రిక్కించుకుని కూర్చున్న మోడెంకి మాత్రం అది టోనే కాదు. ఆ సంగతి నా బుర్రకి తట్టటానికి మూడు శనివారాలు పట్టింది. మందు చాలా చిన్నది. కంట్రోల్ ప్యానెల్లో "డయల్ చేసే ముందు టోన్ కోసం ఆగు" అన్న గడిలో టిక్కు తీసేయటమే. లేదా "ఏటీ ఎక్స్ 3" అని ఒక ఆజ్ఞ ఇవ్వాలి. ఈ ఏటీ భాష 1981లో హేస్ కంపెనీ తన స్మార్ట్‌మోడెంతో మొదలుపెడితే తరవాత అందరూ అదే పాటించారు. ఏటీ అంటే అటెన్షన్ అని చెబితే, "శ్రీకాకుళం వాళ్ళు 'ఏటీ' అని అడిగినట్టుందిరా" అని నవ్వారు నాన్నగారు. కార్డులో అర డాలరు ఆ నవ్వుకే పోయింది. ఆ రాత్రి మళ్ళీ చేస్తే ఎంగేజ్! మా ఆవిడని నిద్రలేపి మరీ వినిపించాను.

ఆ తరవాత ఈమెయిల్ ప్రోగ్రాము సంగతి. వచ్చే మెయిల్‌కి ఒక సర్వరు, పోయే మెయిల్‌కి ఇంకో సర్వరు. ఒక్క చుక్క తప్పితే ఏదీ కదలదు. "బి ఫర్ బెజవాడ, జి ఫర్ గుంటూరు, టి ఫర్ తెనాలి" అంటూ కోస్తా జిల్లాలన్నీ తిరిగి వాటి పేర్లు రాయించాను.

మేలో మాకు అమ్మాయి పుట్టింది. ఫోటో స్కాన్ చేసి పంపాను. అక్కణ్ణుంచి నాన్నగారికి మెయిల్ రావటం ఆగిపోయింది. ఆయన మోడెం కలుస్తోంది, ఎంగేజ్ వినబడుతోంది, కానీ ఒక్క ఉత్తరమూ దిగటం లేదు. ఫోటో రెండు మెగాబైట్లు. మెయిల్లో పంపే ఫైలుని అక్షరాలుగా మార్చి పంపుతారు కనక అది మూడోవంతు పెరుగుతుంది. సెకనుకి 14,400 బిట్ల లైన్లో దిగటానికి అరగంట దగ్గర పడుతుంది. మా వాళ్ళ లైను పది నిమిషాలకి తెగేది. మెయిల్ దింపే పాప్3 పద్ధతిలో, పని పూర్తయి సక్రమంగా సెలవు తీసుకుంటేనే సర్వరు ఉత్తరాన్ని తుడిచేస్తుంది. మధ్యలో తెగితే ఏమీ జరగనట్టే లెక్క. మళ్ళీ కలిసినప్పుడు అదే ఫోటో మొదటి నుంచి. దాని వెనక ఉన్నవన్నీ క్యూలో నిలబడాల్సిందే.

దానికి ఉపాయం, నేనే ఇక్కణ్ణుంచి ఆయన పెట్టెలోకి వెళ్ళి ఫోటో తీసేయటం. టెల్‌నెట్‌తో 110వ నంబరు పోర్టుకి వెళ్ళి పేరు, పాస్‌వర్డు ఇస్తే చాలు. పక్కింటి కుర్రాడు గదిలోనే ఉన్నాడని నాన్నగారు పాస్‌వర్డు చెప్పటానికి తటపటాయించారు. వాణ్ణి మంచినీళ్ళకి పంపి అప్పుడు చెప్పారు.

లోపల రెండే ఉన్నాయి. ఒకటోది ఫోటో. రెండోది మూడు వారాల కిందట నేను రాసిన ఉత్తరం. డిసెంబరులో రాలేమని, ఆఫీసులో వై2కె పని ఉన్న వాళ్ళెవరికీ సెలవులు లేవని అందులో రాశాను. అమ్మ అప్పటికే మనవరాలి పుట్టువెంట్రుకలు తిరుపతిలో ఇస్తానని మొక్కుకుని, అందరికీ చెప్పుకుంది. ఆ మాట ఫోన్లో చెప్పే ధైర్యం లేకే మెయిల్ రాశాను. ఈ మూడు వారాలూ ప్రయాణం గురించి అమ్మ అడిగినప్పుడల్లా "చూద్దాం" అని మోడెం మాటల్లోకి దిగిపోయాను.

డి, ఇ, ఎల్, ఇ అని నాలుగక్షరాలు, పక్కన 1. ఫోటోకి తుడిచే గుర్తు పడింది. పక్కన 2 కొడితే ఆ ఉత్తరమూ పోతుంది. చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. చివరికి అది కొట్టకుండానే, సక్రమంగా సెలవు తీసుకుని బయటికొచ్చేశాను.

గంట తరవాత చేస్తే ఎంగేజ్. ఇంకో అరగంటకి రింగయింది. నాన్నగారే ఎత్తారు.

"ఫోటో రాలేదురా. ఉత్తరం వచ్చింది" అన్నారు.

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తరవాత ఆయనే, "మొక్కు ఎక్కడికీ పోదులే. అమ్మకి నేను చెబుతాను. అయితే ఒరే, ఆ సున్నాలు వస్తే మెషిన్లు నిజంగా ఆగిపోతాయంటావా?" అని అడిగారు. సంవత్సరాన్ని రెండే అంకెల్లో దాచుకోవటం వల్ల వచ్చిన తిప్పలని ఆయనకి చెబుతూ ఉండగా, కార్డులో ఒక్క నిమిషమే మిగిలిందని ఆడగొంతు హెచ్చరించింది.

ఫోటో ప్రింటు తీయించి పోస్టులో పంపాను. పన్నెండు రోజులకి అందింది.