రాజభాగమా, నేలా: కమ్మనాటి అగ్రహార భూములపై హక్కుల చరిత్ర

మార్టూరు, అద్దంకి, ఒంగోలు పరిసరాల మైదానం పల్లవుల దానపత్రాల్లో కర్మరాష్ట్రంగాను, తరువాతి తెలుగు శాసనాల్లో కమ్మనాడుగాను కనిపిస్తుంది. బ్రాహ్మణులకు రాజులు చేసిన భూదానాలకు ఆంధ్రదేశంలో లభించిన అతి ప్రాచీన లిఖిత సాక్ష్యాల్లో కొన్ని ఈ ప్రాంతంలోనో, దీని పొరుగునో దొరికాయి. చరిత్రకారులు వీటిని ఎక్కువగా రాజుల వంశక్రమాన్ని నిర్ణయించడానికే వినియోగించుకున్నారు. అయితే దానంలో చేతులు మారినది నేలా, లేక నేలపై రాజుకు రావలసిన భాగమా అన్న ప్రశ్న అంతకన్నా దీర్ఘకాలం నిలిచి, ఇరవయ్యో శతాబ్ది న్యాయస్థానాల దాకా వచ్చింది.

నరసరావుపేట ప్రాంతంలోని మైదవోలులో దొరికిన ప్రాకృత రాగిరేకులు నాలుగో శతాబ్దివని భావిస్తారు. వాటిలో పల్లవ యువమహారాజు శివస్కందవర్మ కంచి నుంచి ధాన్యకటకంలోని అధికారికి ఆజ్ఞ పంపుతూ, విరిపర గ్రామాన్ని ఇద్దరు బ్రాహ్మణులకు ఇచ్చినట్లు తెలియజేశాడు. ఆ ఆజ్ఞలో మినహాయింపులకే ప్రాధాన్యం ఎక్కువ: ఆ ఊళ్లో ఉప్పు కోసం తవ్వకూడదు, భటులు అడుగుపెట్టకూడదు, వచ్చిపోయే అధికారులకు అన్నం, నీటికుండలు, మంచాలు, బస సమకూర్చే భారం ఊరిపై ఉండదు. అంటే రాజు తన అధికారాన్ని ఆ ఊరి పొలిమేర దగ్గర ఆపుకున్నాడు. సాగుదారుకు ఉన్న హక్కేమిటో మాత్రం చెప్పలేదు. అదే రాజు వేయించిన హిరేహడగళి శాసనంలోనైతే అర్ధికులు, అనగా పంటలో సగపాలుకు సాగుచేసేవారు, నలుగురు దానంలో భాగంగానే కనిపిస్తారు. ఈ దానాలను విద్యాపోషణగా మాత్రమే వర్ణించే రచనలు ఆ నలుగురిని దాటవేయడం న్యాయం కాదు.

దానం శాశ్వతమని శాసనాలు ఎంత గట్టిగా చెప్పినా అది రాజ్యం నిలిచినంతకాలమే నిలిచేది. పద్నాలుగో శతాబ్దిలో అద్దంకి రాజధానిగా పాలించిన ప్రోలయ వేమారెడ్డి, అన్యాక్రాంతమైన అగ్రహారాలను బ్రాహ్మణులకు తిరిగి ఇచ్చిన కీర్తిని పొందాడంటే, మధ్యలో అవి పోయాయనే అర్థం.

ఈ అనిశ్చితిని తొలగించే పని వలస ప్రభుత్వం చేపట్టింది. 1858లో మద్రాసులో ఏర్పడిన ఇనాం కమిషన్, పన్ను మినహాయింపుతోనో తగ్గింపుతోనో అనుభవిస్తున్న భూములను, అనగా ఇనాములను, విచారించి, స్వల్పమైన క్విట్ రెంటు చెల్లించే షరతుపై వ్యక్తిగత ఇనాములను స్థిరపరచి టైటిల్ డీడ్‌లు ఇచ్చింది. వివరాలను ఫెయిర్ రిజిస్టర్లలో నమోదు చేసింది.

అసలు వివాదం 1908 నాటి మద్రాసు ఎస్టేట్స్ ల్యాండ్ చట్టంతో ముదిరింది. ప్రభుత్వానికి చెందవలసిన భాగాన్ని మేలువారమని, సాగుదారు భాగాన్ని కుడివారమని వ్యవహరించేవారు. గ్రామం మొత్తాన్ని ఇనాముగా ఇచ్చినప్పుడు కుడివారం లేని గ్రహీతకు మేలువారం మాత్రమే ఇచ్చి ఉంటే, ఆ గ్రామం 'ఎస్టేటు' అయి అక్కడి రైతుకు శాశ్వత సాగుహక్కు దక్కేది. రెండూ ఇచ్చి ఉంటే దక్కేది కాదు. బ్రాహ్మణుడు స్వయంగా దున్నడు కాబట్టి అతనికి ఇచ్చినది మేలువారమేనని మద్రాసు న్యాయస్థానాలు భావిస్తూ వచ్చాయి. 1918లో సూర్యనారాయణ–పతన్న వ్యాజ్యంలో ప్రివీ కౌన్సిల్ అలాంటి ముందస్తు భావన చెల్లదని, ప్రతి దానాన్నీ దాని పత్రాన్ని, పరిస్థితులను బట్టి నిర్ణయించాలని తీర్పు చెప్పింది. న్యాయసూత్రంగా ఇది సబబే కావచ్చు. కానీ పత్రం ఎన్నడూ తన పేరు రాయని రైతు చాలావరకు ఆ పత్రంతోనే తన హక్కును రుజువు చేసుకోవలసి వచ్చింది. 1936 సవరణ గ్రామ ఇనాములను కుడివారంతో నిమిత్తం లేకుండా ఎస్టేట్లుగా పరిగణించి ఈ అన్యాయాన్ని చాలావరకు సరిదిద్దింది. ఆ తరువాత 1948 ఎస్టేట్ల రద్దు చట్టం, మిగిలిన ఇనాములకు 1956 ఆంధ్ర ఇనాముల రద్దు చట్టం వచ్చి రైత్వారీ పట్టాలకు దారితీశాయి.

ఆలయాలకు చెందిన ఇనాముల పరిస్థితి వేరు. పల్లవుల ఓంగోడు శాసనం ఊరిని బ్రాహ్మణునికి ఇస్తూనే దేవభోగంగా ఉన్న సాగుభూమిని దానం నుంచి మినహాయించింది. దేవుని భూమి, దానగ్రహీత భూమి ఒకటి కావన్న ఈ విభజనే 1987 దేవాదాయ చట్టంలోను, దేవాదాయ భూముల రిజిస్ట్రేషన్‌ను నిషేధించే రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ సెక్షన్‌లోను కొనసాగుతోంది. ఒక సర్వే నంబరు వ్యక్తిగత ఇనామా, అర్చక సేవకు కట్టుబడిన ఇనామా అని తేల్చవలసి వచ్చినప్పుడు అధికారులు, న్యాయస్థానాలు ముందుగా పరిశీలించేది నేటికీ ఆ ఫెయిర్ రిజిస్టరునే.