బస్తర్‌లో బొమ్మ ఎందుకు పడలేదు?

మన టెలివిజన్ చరిత్ర రాసేవారు 1987 జనవరి దగ్గర తప్పకుండా ఆగుతారు. ఆదివారం పొద్దున 'రామాయణం' వస్తుంటే దేశమంతా టీవీల ముందు కూర్చుందని రాస్తారు. ఆ 'దేశమంతా'లో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ఉందా అని అడిగినవారు తక్కువ. ఎవరైనా అడిగితే జవాబు సిద్ధంగానే ఉంటుంది: దట్టమైన అడవి, ఎత్తయిన కొండలు, ఆపైన మావోయిస్టులు. ఇందులో నిజం లేకపోలేదు. కానీ సంవత్సరాలను వరుసగా పేర్చి చూస్తే ఈ జవాబు సగమే నిలబడుతుంది.

తొలి ఘట్టాలు అందరికీ తెలిసినవే. 1959 సెప్టెంబర్ 15న ఢిల్లీలో ప్రయోగం, 1972లో బొంబాయి, 1977 అక్టోబర్‌లో హైదరాబాద్, 1982లో రంగుల ప్రసారం, ఆసియా క్రీడలు. టవర్‌కు దగ్గర్లో ఉన్న నగరవాసికి టీవీ నెత్తిన పెట్టుకునే రెండు కడ్డీల యాంటెన్నాతోనే పని జరిగిపోయేది.

ఆ చిన్న వస్తువు సిగ్నల్ బలానికి మంచి కొలబద్ద. 200 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో ప్రసారమయ్యే ఛానల్‌కు ఒక్కో కడ్డీ మూరెడు కన్నా కాస్త తక్కువ, అంటే 37 సెంటీమీటర్లు ఉంటే చాలు. 60 మెగాహెర్ట్జ్ దగ్గరి ఛానల్ కావాలంటే మీటరు దాటేలా బయటికి లాగాలి. గోడ కొంత సిగ్నల్‌ను మింగేస్తుంది, ఎదురుగా మనిషి నడిచినా బొమ్మ వణుకుతుంది. అయినా బొమ్మ నిలిచిందంటే ట్రాన్స్‌మిటర్ దగ్గర్లో ఉన్నట్టు, లేదా చాలా శక్తిమంతమైనదైనట్టు. దూరం పెరిగితే యాంటెన్నా ఇంటి కప్పు మీది వెదురుగడకు ఎక్కుతుంది. ఇంకా దూరమైతే గడ ఎంత పెంచినా చుక్కలే.

బస్తర్ సంగతి తేలాలంటే 1975 నుంచి 1985 దాకా పదేళ్ళను నిదానంగా చూడాలి. 1975 ఆగస్టు 1న మొదలైన 'సైట్' ప్రయోగంలో ఇస్రో, నాసా కలిసి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 ఊళ్ళకు ఏడాదిపాటు, రోజుకు నాలుగు గంటలు ప్రసారాలు అందించాయి. ఊళ్ళో టవర్ లేదు. కోళ్ళ గూళ్ళకు వాడే ఇనుప వలతో చేసిన మూడు మీటర్ల డిష్, దాని కింద ఒక టీవీ పెట్టె, ముందు నేల మీద ఊరి జనం. కరెంటు లేని కొన్ని ఊళ్ళలో బ్యాటరీతోనూ నడిపారు. మన మహబూబ్‌నగర్, కర్నూలు ఊళ్ళు ఆ డిష్‌లను చూశాయి. నాటి మధ్యప్రదేశ్‌లో రాయ్‌పూర్ చుట్టుపక్కల ఊళ్ళను ఎంచుకున్నారు. రాయ్‌పూర్ జిల్లాను ఆనుకుని ఉన్న బస్తర్‌ను ఎంచుకోలేదు.

ఇన్సాట్ ఉపగ్రహాల కాలంలోనూ ఇదే తంతు. సామూహిక టీవీ సెట్లకు, ప్రత్యేక గ్రామీణ కార్యక్రమాలకు ఎంచుకున్న ఆరు రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, ఒరిస్సా, మహారాష్ట్ర, బీహార్, గుజరాత్, ఉత్తరప్రదేశ్. మొదటి మూడూ బస్తర్‌కు సరిహద్దు రాష్ట్రాలే. జాబితాలో మధ్యప్రదేశ్ పేరు లేదు. అడవి వల్లే టీవీ రాలేదనే వాదన ఇక్కడే బలహీనపడుతుంది. 1983లో ఎగిరిన ఇన్సాట్-1బి 74 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర నిలిచింది. బస్తర్ జిల్లా కేంద్రమైన జగ్దల్‌పూర్ నుంచి చూస్తే అది ఆకాశంలో 60 డిగ్రీలకు పైగా ఎత్తున ఉంటుంది. బస్తర్‌లోని బైలదిలా కొండలు 1,200 మీటర్లు దాటినా అంత ఎత్తు నుంచి దిగే సిగ్నల్‌కు చాలాచోట్ల అడ్డు రాలేవు. కొండలు అడ్డొచ్చేది నేల మీది టవర్లకే.

మరి ప్రభుత్వం ఆ టవర్లనే ఎంచుకుంది. 1984లో రోజుకొక ట్రాన్స్‌మిటర్ అన్నంత వేగంగా దేశమంతటా పెట్టిన వాటిలో ఎక్కువ భాగం 100 వాట్లవి, సుమారు 15 కిలోమీటర్లు అందేవి. లెక్క కట్టి చూద్దాం. నాటి బస్తర్ జిల్లా విస్తీర్ణం 39,114 చదరపు కిలోమీటర్లు, కేరళ కంటే పెద్దది. జగ్దల్‌పూర్ నడిబొడ్డున అలాంటి ట్రాన్స్‌మిటర్ ఒకటి నిలబెడితే అందేది 700 చదరపు కిలోమీటర్లకు, అంటే జిల్లాలో రెండు శాతానికి కూడా కాదు. అందులోనూ ఇంట్లో పెట్టుకునే యాంటెన్నా పనిచేసేది పట్టణంలోని నాలుగు వీధుల్లోనే. తర్వాతి కాలంలో దూరదర్శన్ జనాభాలో 90 శాతానికి పైగా చేరుకున్నామని చెప్పుకుంది. పట్టణాలు కిక్కిరిసిన దేశంలో ఆ లెక్క అబద్ధమేమీ కాదు. విడివిడిగా పల్లెలున్న చోట మాత్రం దానికి అర్థం లేదు.

రెండో పక్కా చూడాలి. సామూహిక సెట్లు ఖరీదైనవి. చెడిపోతే బాగుచేసే మనిషి ఊరి దాకా రావాలి, రోడ్డు కావాలి. పొరుగు రాష్ట్రాల్లోనూ అవి ఎంపికైన కొన్ని జిల్లాలు దాటలేదు. హింస పాత్రనూ తోసిపుచ్చలేం. నక్సలైట్ల పీపుల్స్ వార్ దళాలు 1980లో గోదావరి దాటాయి. 2007లో నారాయణపూర్ దగ్గర హైటెన్షన్ టవర్లను కూల్చేస్తే బస్తర్ చాలా భాగం రోజుల తరబడి చీకట్లో ఉంది. అయితే టీవీ ఎవరికి అందాలో నిర్ణయాలు జరిగిన 1975–84 మధ్య ఆ దళాలు ఇంకా అడవిలో కాళ్ళూనుకునే దశలోనే ఉన్నాయి. ముందు టీవీని పక్కన పెట్టారు, తుపాకుల మోత తర్వాత పెరిగింది.

2004 డిసెంబర్‌లో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలై, ఇప్పుడు డీడీ ఫ్రీ డిష్‌గా నడుస్తున్న దూరదర్శన్ డిష్ సేవదీ 'సైట్' దారే, డిష్ చిన్నదైంది, అంతే. దాంతో బస్తర్ దక్షిణాన కోంట, భోపాలపట్నం వైపు తెలుగు ఇళ్ళకు యాదగిరి, సప్తగిరి ఛానళ్ళు నెలవారీ చందా లేకుండా వస్తున్నాయి. 2024 డిసెంబర్‌లో సుక్మా జిల్లా పువర్తిలో, మావోయిస్టు నేత హిడ్మా సొంతూళ్ళో, సోలార్ కరెంటుతో నడిచే టీవీలో జనం మొదటిసారి దూరదర్శన్ చూశారు. రాష్ట్ర ప్రభుత్వ 'నియద్ నెల్లానార్' పథకం కింద జరిగిన ఆ పనిని పత్రికలు విజయంగా రాశాయి. 'సైట్' ముగిసి అప్పటికి 48 ఏళ్ళు దాటిందన్న సంగతి ఆ వార్తల్లో కనిపించలేదు.

2023 జనవరిలో కేంద్రం ఆమోదించిన 2,539 కోట్ల రూపాయల 'బైండ్' పథకంలో మారుమూల, గిరిజన, సరిహద్దు ప్రాంతాలకు 8 లక్షలకు పైగా సెట్‌టాప్ బాక్సులు ఉచితమన్నారు. మంచిదే. కానీ పెట్టె ఇచ్చినంత మాత్రాన చూడటానికి తమ మాట దొరకదు. ఆకాశవాణి జగ్దల్‌పూర్ హల్బీ, గోండీల్లో కార్యక్రమాలు ఇస్తుంటే, ఫ్రీ డిష్‌లో వేలం పాడి చోటు దక్కించుకున్న ప్రైవేటు ఛానళ్ళలో ఎక్కువ హిందీవి. దక్షిణ బస్తర్‌లో దోర్లీ మాట్లాడే పిల్లవాడికి అందులో తన భాష వినపడదు.

నేల మీది ప్రసారాలకైతే నీళ్ళు వదిలేసినట్టే. 2022 మార్చి నాటికి వ్యూహాత్మక ప్రాంతాల్లోని యాభై దాకా తప్ప పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లన్నీ ఆపేయాలని ప్రసార భారతి నిర్ణయించింది. డిష్ లేకుండా ఇంట్లోనే, ఫోన్‌లోనే అందే డిజిటల్ ప్రసారం 2016లో 16 నగరాల్లో మొదలైంది. అందులో రాయ్‌పూర్ ఉంది, బస్తర్ లేదు. సిమ్, డేటా లేకుండా నేరుగా మొబైల్‌కు టీవీ పంపే కొత్త పరీక్షలకూ 2024లో 19 నగరాల పేరే చెప్పారు. చేతిలో పది రకాల ఇంటర్నెట్ ఉన్న నగరవాసికి ఇది మరో వెసులుబాటు. సెల్ టవర్ సరిగా లేని, బస్తర్‌లోని అబూజ్‌మడ్ అడవుల్లో అదే ఏకైక దారి కావచ్చు. పరీక్షలు అక్కడ మొదలుపెడితే ఖర్చెక్కువని అధికారులు అనవచ్చు, 1984లోనూ లెక్కలు అలాగే వేశారు.